వినోదశాల: బ్రిడ్జి బల్లయొద్ద మర్యాద

ఈ మాసము మా కందిన జాబులలో మూడు ఒకే విషయమును గూర్చినవి. ఒకటి జనగామనుండియు, ఒకటి మహబూబాబాదునుండియు, ఒకటి భూపాలపల్లినుండియు వచ్చినవి. 2016 అక్టోబరు వఱకు ఈ మూడూళ్లును వరంగల్లు జిల్లాలోనివే. ఇప్పుడు మూడును మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములు. వ్రాసిన సోదరీమణులు ఒకరి నొకరు ఎఱుగరు. అయినను మువ్వురును బ్రిడ్జి యను చీట్లాటను గూర్చియే అడిగినారు.

జనగామ సోదరి కుమార్తె హనుమకొండలో చదువుచున్నది. తోడి విద్యార్థినులతో బ్రిడ్జి నేర్చి, హైదరాబాదున జరుగు పోటీకి పోయెదనని పట్టుపట్టినది. ఇంటిలోని నాయనమ్మ "పత్తాలు పట్టిన పిల్లను ఎవరు చేసుకుంటరు?" అని ఒకపూట అన్నము మానినదట. భూపాలపల్లి సోదరి బొగ్గుగనుల కాలనీలో కాపురముండును. మధ్యాహ్నవేళ ఎనమండుగురు స్త్రీలు చేరి రెండు బల్లలు వేసికొనుచున్నారు. పోటీలలో వాడు సామగ్రి ఏది, అందులో ఇంట చేసికొనదగినది ఏది అని వారి ప్రశ్న. మహబూబాబాదు సోదరి జాబు పొట్టిది. భర్తతో జోడుగా నొక పోటీకి పోయినది. ఒక ఆట తప్పినప్పుడు ఆయన అందఱి యెదుట "నీ తలకాయల ఏమున్నదే?" అని కేకవేసెను. ప్రత్యర్థిగా కూర్చున్న స్త్రీ చేయెత్తి డైరెక్టరును పిలిచెను. ఆ జోడుకు మార్కులు తగ్గించిరి. ఇంటికి వచ్చినది మొదలు ఆయన సరిగా మాటాడుట లేదు; నీ మూలమున నలుగురిలో తలవంపు వచ్చినదని సాధించుచున్నాడు. "తప్పు నాదేనా?" అని ఆమె అడిగినది.

ఈ కడపటి ప్రశ్నకే మేము ఎక్కువ చోటు ఇయ్యదలచితిమి. కాని బ్రిడ్జి బల్లయెదుట ఎన్నడు కూర్చుండని పాఠకురాండ్రు అనేకులు గలరు. వారికి దారి చూపి, పిదప అక్కడికి వత్తుము.

మొదట నాయనమ్మగారి భయము. అది నిర్హేతుకమని మేమనము. మన వాఙ్మయములో చీట్లపేక పట్టిన స్త్రీ ఎవరని యడిగిన వెంటనే జ్ఞప్తికి వచ్చునది గురజాడవారి కన్యాశుల్కములోని మధురవాణి. ఆమె యింట పేకకు చేరువారు పోలిశెట్టి మొదలగువారు. పేక సంసారపక్షమువారి వస్తువు కాదని తరతరములుగా మన యిండ్లలో నమ్మిరి. శివరాత్రి జాగరమునాడు గవ్వలు గిలకరించి తెల్లవార్లు పచ్చీసు ఆడిన అవ్వలే పేకముక్క కనబడిన మండిపడుదురు. గవ్వ యెట్లు పడునో దైవమున కెఱుక. చీట్లలో బుద్ధికి కొంత పనియున్నది. అయినను నింద చీట్లకే దక్కినది, ఏలయన డబ్బు చీట్ల వెంటనే నడచినది.

ఈ భేదము న్యాయస్థానములోను చర్చకు వచ్చినది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై హైదరాబాదు జూదపు చట్టము క్రింద పెట్టిన కేసు సుప్రీంకోర్టు వఱకు పోయెను. తీర్పు 1967 నవంబరులో వెలువడినది. అక్కడ విచారణకు వచ్చిన ఆట రమ్మీ. అది కేవలము అదృష్టముపై నడచునది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెననియు, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో నేర్పు కావలెననియు న్యాయమూర్తులు చెప్పిరి. రమ్మీలోని అదృష్టము బ్రిడ్జిలో ముక్కలు పంచునప్పటి అదృష్టము వంటిదేయని పోల్చిరి. చూచితిరా, సందేహము రమ్మీని గూర్చియే; దానిని కొలుచుటకు తెచ్చిన కొలబద్ద బ్రిడ్జి. పిదప 2017లో తెలంగాణ ప్రభుత్వము చట్టమును సవరించి, డబ్బొడ్డి ఆడు రమ్మీని, అంతర్జాలముపై ఆడుదానితో సహా, నిషేధించినది. ఆ యాటలో పుస్తెలు సైతము పోగొట్టుకొన్న యిండ్లను ఎఱిగినవారమగుటచే మాకు అందులో విచారము లేదు. పోటీబ్రిడ్జిలో ఒకరి సొమ్ము నొకరు ఒడ్డి గెలుచుకొనుట యుండదు. ప్రవేశరుసుము చెల్లింతురు, మార్కులు లెక్కింతురు.

2018లో జకార్తా ఆసియా క్రీడలలో బ్రిడ్జిని మొదటిసారి చేర్చిరి. పురుషుల జోడుపోటీలో మన దేశపు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బంగారు పతకము గెలిచిరి. ఒకరికి అప్పటికి 60 ఏండ్లు, రెండవవారికి 56. స్త్రీపురుషులు కలిసియాడు పోటీలో మన జట్టుకు కాంస్యము వచ్చినది. అందులో కిరణ్ నాడార్, హేమా దేవరా, హిమానీ ఖండేల్వాల్ అను మువ్వురు స్త్రీలును, మన తెలుగు పేరు గల బాచిరాజు సత్యనారాయణగారును ఉండిరి. నాయనమ్మగారికి ఈ సంగతి చదివి వినిపింపవచ్చును. అంతతో ఆమె అన్నము తినునని మేము పూచీపడము.

ఇక ఆటను గూర్చి అవసరమైనంత. బ్రిడ్జి నలుగురి ఆట. ఎదురెదురుగా కూర్చున్నవారు ఒక జోడు: ఉత్తర దక్షిణములవారు ఒక ప్రక్క, తూర్పు పడమరలవారు ఒక ప్రక్క. 52 ముక్కలను తలకు 13 చొప్పున పంతురు. మొదట పాట. వేలములో వలెనే ఒకరిమీద ఒకరు పాడుచు, ఏ రంగు తురుపుగా ఎన్ని పట్టులు చేయుదుమో చెప్పుదురు. నలుగురును తలకొక ముక్క వేసిన, ఆ నాలుగు ఒక పట్టు. పాట గెలిచిన జోడులో ఒకరు ఆడుదురు. రెండవవారు తమ ముక్కలను బల్లపై వెలికిల పఱచి ఊరకుందురు. అట్లు పఱచినవారిని డమ్మీ అందురు. రెండు చేతుల ముక్కలను ఒక్కరే నడపింతురు. ప్రత్యర్థు లిద్దఱు అడ్డుపడుదురు.

పోటీలో విశేష మేమనగా, ఒక బల్లపై ఆడిన ముక్కలే చెదరకుండ తరువాతి బల్లకు పోవును. మీకు వచ్చిన పదుమూడు ముక్కలే వేఱొక బల్లయొద్ద మీ దిక్కున కూర్చున్నవారికిని వచ్చును. ఒకే కొలత బియ్యము, ఒకే కొలత పప్పు పది యిండ్లకిచ్చి ఎవరి వంట మేలో చూచుట వంటిది. ముక్కలు బాగుండలేదను సాకు ఇక్కడ చెల్లదు. ఆ మాట చెల్లకుండుటకే ఈ సామగ్రి అంతయు ఏర్పడినది.

భూపాలపల్లి సోదరీమణులు ఇచ్చట శ్రద్ధగా చదువవలెను. ముఖ్యమైనది బోర్డు. పేరు బోర్డే గాని అది నాలుగు అరలుగల పళ్లెము. ఒక్కొక్క దిక్కునకు ఒక్కొక్క అర, అందులో ఆ దిక్కువారి 13 ముక్కలు. దానిపై సంఖ్య, ముక్కలు పంచినవారి దిక్కు, ఏ జోడు "వల్నరబుల్" అనునది గుర్తువేసి యుండును. వల్నరబుల్ అయిన జోడునకు గెలిచిన పెద్ద బహుమానము, ఓడిన పెద్ద దండన. ఈ మాట పుట్టుక మన పత్రికలో చెప్పదగినదే. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అను అమెరికా ధనవంతుడు ఓడలో పనామా కాలువమీదుగా పోవుచు నేటి బ్రిడ్జికి లెక్కలు కట్టుచుండగా, ఈ స్థితికి ఏమి పేరు పెట్టవలెనో తోచలేదు. ఓడలోని యొక యువతి ఈ మాట చెప్పినది. ఆటను కనిపెట్టినవాని పేరు లోకమంతయు ఎఱుగును. ఆ పిల్ల పేరు ఎవరును వ్రాసికొనలేదు.

బోర్డును కొననక్కఱలేదు. దళసరి గుడ్డపై నాలుగు జేబులు కుట్టిన చాలును. ఒక్కొక్క జేబు వెడల్పు 3 అంగుళములు, లోతు 3 అంగుళములు ఉన్నచో ముక్కలు అర అంగుళము పైకి కనబడి తీయుటకు వీలగును. వల్నరబుల్ జేబులకు ఎఱ్ఱదారముతోను, తక్కినవానికి ఆకుపచ్చదారముతోను అంచు కుట్టుడు. పంచువారు వరుసగా ఉత్తరము, తూర్పు, దక్షిణము, పడమర. అయిదవ బోర్డునకు మరల ఉత్తరము. ఎఱ్ఱగుర్తు క్రమ మిది: 1, 8, 11, 14 బోర్డులలో ఎవరికిని లేదు, 2, 5, 12, 15లో ఉత్తర దక్షిణములకు, 3, 6, 9, 16లో తూర్పు పడమరలకు, 4, 7, 10, 13లో ఇరువురకును. పదునాఱు కుట్టిన సరిపోవును. దానికి పదునాఱు పేకకట్టలు కావలెను. అది యొక్కటే ఖర్చు.

ఎనమండుగురు మంచి సంఖ్య. నలుగురు నలుగురుగా రెండు జట్లు కండు. మొదటి జట్టులో ఒక జోడు మొదటి బల్లయొద్ద ఉత్తర దక్షిణములలోను, రెండవ జోడు రెండవ బల్లయొద్ద తూర్పు పడమరలలోను కూర్చుండవలెను. ఒక బల్లపై 1 నుండి 8 వఱకు, మఱియొక బల్లపై 9 నుండి 16 వఱకు ఆడి, బోర్డులను మార్చుకొనుడు. అప్పుడు ప్రతి పంపకమును రెండు జట్లును రెండు వైపులనుండి ఆడినట్లగును. ఒక్కొక్క ఆటకు ఏడెనిమిది నిమిషముల చొప్పున, పిల్లలు బడినుండి వచ్చులోపల ముగియును.

రెండవది పాటపెట్టె. పోటీలలో పాటను నోట పలుకరు. ఒక్కొక్కరి ప్రక్కను చిన్న పెట్టె యుండును. అందులో ఒకటి మొదలు ఏడు వఱకు, నాలుగు రంగులకును తురుపులేని పాటకును కలిపి 35 అట్టలు. అవి గాక పాస్, డబుల్, రీడబుల్ అట్టలు. పాడదలచినది తీసి బల్లపై ఉంచవలెను. పాట ముగియు వఱకు అట్టలు అందఱికి కనబడుచుండవలెను. ఎవరేమి పాడిరని తిరిగి యడుగు పనిలేదు. ఇది 1960 దశాబ్దమున స్వీడనులో పుట్టిన యుపాయము. మీ యిండ్ల మూలలలో మిగిలిన శుభలేఖల అట్టలు కత్తిరించి ఈ పెట్టెలు సిద్ధపఱచుకొనవచ్చును. పాస్ అట్ట ఆకుపచ్చ, డబుల్ ఎఱుపు, రీడబుల్ నీలము. "ఆగుడు" అను ఎఱ్ఱయట్ట యొకటి చేర్చుకొనుడు. పాటలో మెట్లు దాటి హఠాత్తుగా ఎక్కువ పాడువారు దానిని ముందు చూపుదురు. అప్పుడు తరువాతివారు, తమకు ఆలోచన యున్నను లేకున్నను, సుమారు పది సెకండ్లు ఆగి పాడవలెను. ఎందుకో చెప్పుదుము.

దానికిముందు ముక్కలు పట్టు పద్ధతి. జేబునుండి తీయగానే ముఖము చూడక, బోర్లించియే 13 ఉన్నవో లేవో ఎంచవలెను. పండ్రెండే యున్నవని ఆట నడుమ తెలిసిన ఇరుప్రక్కలకు నష్టము. ఆడునప్పుడు పట్టులను ఇంటిలో వలె మధ్యకు విసరి ఒకరు ఊడ్చుకొనరాదు. ఎవరి ముక్క వారి యెదుటనే బోర్లించి పెట్టుకొనవలెను. గెలిచిన పట్టు ముక్క మన జోడు వైపు నిలువుగా, ఓడినది ప్రత్యర్థుల వైపు అడ్డముగా. వరుస చూచినంతనే లెక్క తెలియును. తగవు వచ్చిన ఆటను మొదటినుండి తిరిగి చూపవచ్చును. ముగిసిన పిదప ఎవరి పదుమూడు వారు కలిపి, మరల ఎంచి, వారి జేబులోనే ఉంచవలెను. మేము మొదటిసారి పోటీకి పోయినప్పుడు అలవాటు చొప్పున నాలుగు చేతుల ముక్కలను ఒక్క కుప్పగా ఊడ్చి చక్కగా కట్టకట్టి ఉత్తరమువారి చేతికిచ్చితిమి. తరువాతి బల్లవారు ఆ బోర్డుకొఱకు కాచుకొనియుండిరి. ఎవరును ఒక్కమాట యనలేదు. ఆ మౌనము మాకు నేటికి జ్ఞాపకమున్నది.

తినుబండారములను గూర్చి రెండు మాటలు. మిర్చిబజ్జీలు, పల్లిపట్టీలు బల్లయొద్దకు తేరాదు. నూనెవ్రేలి గుర్తు పడిన ముక్క వెనుకనుండియే ఆనవాలు దొరకును. అది ఇక పనికిరాదు. ఆటకు నడుమ లేచి చేయి కడుగుకొని తినుడు. టెలిఫోను సంచిలో, అదియు నోరుమూసికొని, ఉండవలెను. పెద్ద పోటీలలో లోనికి రానీయరు.

ఇప్పుడు పది సెకండ్ల సంగతి. బ్రిడ్జిలో జోడుకు వార్త పంపుటకు రెండే దారులు గలవు: మీరు పాడిన పాట, మీరు వేసిన ముక్క. మూడవది లేదు. మీరు చాలసేపు తటపటాయించి పాస్ అన్నచో, పాడదగిన బలము కొంత యున్నదని జోడునకు తెలిసిపోవును. ఆ యెఱుక న్యాయముగా వచ్చినది కాదు. నిబంధనలు ఏమనుచున్నవనగా: ఆలోచించుట తప్పు కాదు, కాని మీ ఆలస్యమునుండి, నిట్టూర్పునుండి, ముక్క నేలవేసినట్లు కొట్టుటనుండి జోడు ఏదేని గ్రహించినచో దానిని వాడుకొనరాదు. వాడుకొనకుండుట మాత్రమే కాదు, రెండు దారులు సమానముగా తోచినప్పుడు ఆ సూచన చూపు దారిని విడిచి రెండవదే పట్టవలెను.

ఇది వినుటకు సులభము. మాకు ఇంతకంటె కష్టమైన నిబంధన కనబడలేదు, అందులోను ఆడువారికి. చిన్ననాటినుండి మనకు నేర్పిన విద్య ఏమి? మామగారు చెంబు క్రింద పెట్టిన చప్పుడునుబట్టి కూరలో ఉప్పు తెలిసికొనుట. చుట్టములు కూర్చుండగా భర్త కనుబొమ్మ కదలికతో కాఫీ పెట్టవలెనో మానవలెనో గ్రహించుట. తోడికోడలుతో పెదవి కదపక ఒక సంభాషణ నడపుట. ఇంటిలో అది నేర్పరితనము. బ్రిడ్జి బల్లయొద్ద అదే దొంగతనము. భర్తతో జోడుకట్టిన స్త్రీ ఆయన ముఖములో చూచిన చిఱాకును చూడనట్లే ముక్క వేయవలెను. చూచితినని తనకు తెలియుననియు, దానికి విరుద్ధముగా ఆడి ఓడిన ఇంటికి పోయి మాటపడవలెననియు ఎఱిగి, అట్లే వేయవలెను.

ఇంత పట్టుదల ఎందుకని యడుగవచ్చును. ప్రపంచపోటీలలోనే పెద్దవారు సంకేతములు నడపి పట్టుపడిరి. 1975లో బెర్ముడాలో జరిగిన పోటీలో జోడు ముఖములు ఒకరికొకరికి కనబడకుండ బల్లకు మూలనుండి మూలకు అడ్డముగా తెఱ నిలిపిరి. పెద్ద పోటీలో అట్టి తెఱ అదియే మొదలు. ఇటలీకి చెందిన ఇద్దఱు బల్లక్రింద కాళ్లు తాకించుకొనుచున్నారని అప్పుడే వెల్లడియైనది. బల్లక్రిందకు మఱియొక చిన్నబల్లను అడ్డముగా త్రోసి ఆట సాగించిరి. 2015లో ఇజ్రాయేలు దేశపు జోడొకటి, పాట ముగిసిన పిదప బోర్డును బల్లపై ఎచట ఉంచుదురో ఆ చోటునుబట్టి వార్త పంపుకొనుచున్నదని నార్వే దేశపు ఆటగాడు బోయె బ్రోగెలాండ్ బయటపెట్టెను. నోరుమూసిన కన్ను పలుకును, కన్నుమూసిన కాలు పలుకును, కాలు కట్టిన పళ్లెము పలుకును. కావున సామగ్రి పెరుగుచు వచ్చినది.

మన కాలనీబల్లలకు తెఱలు వలదు. ఒకే వేగమున ఆడుట, ముఖమును కొంచెము సమముగా ఉంచుకొనుట, జోడు పాటకు "అబ్బా" అనకుండుట చాలును.

డమ్మీగా కూర్చున్నవారి ధర్మములు వేఱు. ముక్కలు పఱచిన పిదప ఆమె సలహా ఇయ్యరాదు, ముక్కవైపు చేయి చాపరాదు, జోడు అడిగిన ముక్కనే కదపవలెను. ఈ స్థితి మనలో పలువురకు క్రొత్త కాదని నవ్వుకొనవచ్చును. అయినను ఆమెకు ఒక మంచి హక్కు గలదు. ఆడుచున్న జోడు అడిగిన రంగు వేయక వేఱు రంగు వేసినచో, "ఇస్పేట్లు లేవా?" అని డమ్మీ అడుగవచ్చును. ఉన్న రంగు దాచి వేఱు వేయుట పొరపాటుననైనను దండనకు పాత్రము. ఒక పట్టో రెండు పట్టులో ప్రత్యర్థులకు పోవును. సకాలమున అడిగిన ఆ ఒక్క ప్రశ్న దానిని తప్పించును.

ఇక డైరెక్టరు. పోటీకి తీర్పరి ఆయన, లేదా ఆమె. వరుస తప్పి ముక్క వేసినను, ముక్క జాఱి ముఖము కనబడినను, పాటయట్ట పొరపాటున వచ్చినను, బల్లయొద్దివారు తమలో తాము సర్దుకొనరాదు. ఎవరైనను చేయెత్తి "డైరెక్టర్, దయచేసి" అని పిలువవలెను. మన యూళ్లలో ఇది ఫిర్యాదువలె వినబడును. "పోనిమ్మందురు, ఇంతదానికేనా" యని ముఖము ముడుచుకొందురు. అది సరికాదు. గట్టినోరు గలవాడు తన మాట నెగ్గించుకొనుటయు, మెత్తనివారు ఊరకుండుటయు సర్దుబాటునందే జరుగును. కౌరవసభలో పాచికలాటను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పందెము దుర్యోధనునిది, పాచికలు విసరినవాడు శకుని. ద్రౌపది యేడ్చి ఊరకుండలేదు. తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా యని ఆటధర్మమునే అడిగినది. చెప్పదగిన పెద్దలు తలలు వంచుకొనిరి. అక్కడ లేనిది డైరెక్టరు.

మహబూబాబాదు సోదరీ, ఇప్పుడు మీ ప్రశ్న. ప్రపంచమంతట పోటీలకు వాడు నిబంధనల గ్రంథము, 2017 నాటి కూర్పు, మా యెదుట నున్నది. 74వ నిబంధన మర్యాదను గూర్చినది. మఱియొక ఆటగానికి చిఱాకుగాని సిగ్గుగాని కలిగించు మాటను, చేష్టను విడువవలెనని అందు వ్రాసియున్నది. మఱియొక ఆటగాడనగా ప్రత్యర్థి మాత్రమే యని వ్రాయలేదు. జోడును ఆటగాడే, భార్యయైనను ఆటగాడే. మీ వారు కేకవేసినది మీ మీద. భంగమైనది బల్లయొద్ది అందఱి హక్కు. అందుచేత ప్రత్యర్థి స్త్రీ పిలుచుట యుక్తము. ఆమె మీ కాపురములో తలదూర్చలేదు, తన బల్లను కాపాడుకొన్నది. డైరెక్టరు మార్కులు తగ్గించుటకు అధికారము గలవాడే. కోరినచో ఆ పూటకు ఆటనుండి లేపియు ఉండవచ్చును. మార్కులు ఇరువురివి గనుక ఒకరి నోటికి మీ యిరువురకు దండన పడినది. అది మీకు అన్యాయముగా తోచవచ్చును. జోడుకట్టుటయం దున్న చిక్కే అది.

మీరు ఆట తప్పినారేమో. తప్పియే యుందురు, మేము చూడలేదు. ఆ తప్పునకు శిక్ష అప్పుడే మార్కులలో పడినది. కేక రెండవ శిక్ష. దానిని విధించు అధికారము భర్తకు ఆ గ్రంథములో మేమెంత వెదకినను దొరకలేదు. తలవంపు ఆయన నోటినుండి వచ్చినది, ప్రత్యర్థి చేతినుండి కాదు, మీ ముక్కనుండి అసలే కాదు.

ఇట్టి కేకలు ఎంతదూరము పోగలవో లోకము చూచినది. 1929 సెప్టెంబరులో అమెరికాలోని కాన్సస్ నగరమున బెన్నెట్ దంపతులు పొరుగువారితో బ్రిడ్జి ఆడుచుండగా, నాలుగు ఇస్పేట్ల పాట తప్పినదని మాట పెరిగెను. భర్త భార్యను చెంపమీద కొట్టెను. ఆమె లోనికి పోయి పిస్తోలు తెచ్చి అతనిని కాల్చి చంపెను. 1931లో న్యాయసభ ఆమెను విడిచిపెట్టెను. మేమీ కథను మెచ్చి వ్రాయుట లేదు. పిస్తోలు మన యిండ్లలో లేకుండుట మేలు. కాని "ఆటే గదా" యని కొట్టివేయువారికి దీనిని చూపుడు.

మీరు చేయదగినది మాకు తోచినంత చెప్పుదుము. ఆట నడుమ తప్పొప్పుల విచారణ వలదని కూర్చుండుటకు ముందే ఒప్పందము చేసికొనుడు. ఆట ముగిసిన పిదప, ఇంటిలో, కాఫీ త్రాగుచు, ఆయన తప్పులు మొదట, మీ తప్పులు పిదప చర్చింపవచ్చును. బల్లయొద్ద "పోనిండి, తరువాతిది చూతము" అను మాటకు మించి ఇద్దఱును పలుకరాదు. ఆయన దీనికి ఒప్పుకొననిచో, వచ్చు పోటీకి ఒక స్త్రీని జోడుగా చూచుకొనుడు. భార్యాభర్తలు ఒకే జోడుగా ఆడవలెనను నియమ మెచటను లేదు. వేఱువేఱు జోడులతో ఒకే పోటీకి వచ్చి సంతోషముగా తిరిగిపోవు దంపతులను మేము చూచినాము. మీ యూరినుండి సికింద్రాబాదునకు రైలున్నది. ఈ పుట మీ వారి కంటబడునట్లు బల్లపై విడిచిపెట్టుటకు మాకు అభ్యంతరము లేదు.

జనగామ సోదరికి ఒక మాట మిగిలినది. పోటీలలో చూడవచ్చినవారికిని నియమములు గలవు: ఒక ఆటగాని వెనుక కూర్చుండి ఆ యొక్కరి ముక్కలనే చూడవలెను, మాటాడరాదు, ముఖమున మెచ్చికోలుగాని విచారముగాని కనబడనీయరాదు, తప్పు చూచినను చెప్పరాదు. అమ్మాయితోకూడ నాయనమ్మగారిని తీసికొనిపొండు. మనుమరాలి వెనుక ఒక కుర్చీ అడిగి కూర్చుండబెట్టుడు. మూడు గంటలు నోరు కదపకుండుట ఆమెకు కష్టమే; కాని ఆ బల్లపై డబ్బు ఎక్కడ నున్నదో ఆమెయే వెదకి చూచుకొనును.